మేత వెంట కదిలే తిమింగలాలు

సంస్కృతంలో ‘తిమి’ అంటే పెద్ద చేప. ఆ తిమిని సైతం మింగేసేది తిమింగిలం. తెలుగువాళ్ల నోట అది తిమింగలం అయింది. అది చేప కాదని, పిల్లలకు పాలిచ్చే జంతువని ఇప్పుడు బడిపిల్లలకూ తెలుసు. అయినా ఆ పేరు పెట్టినవాళ్లు ఒక అసలు సంగతి పట్టుకున్నారు: తిండిని బట్టి పేరు పెట్టారు. తిమింగలం ఏ నెలలో ఏ సముద్రంలో ఉంటుందో, ఎన్నేళ్లకొక పిల్లను కంటుందో తేల్చేది చాలావరకు తిండే. వేడెక్కుతున్న సముద్రాలు తిమింగలాల చోట్లను ఎలా మారుస్తున్నాయో చూడాలన్నా మొదలుపెట్టాల్సింది అక్కడే.

భూమి మీద అదనంగా పోగవుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే పీల్చుకుంటున్నాయి. ఒకటి రెండు డిగ్రీల తేడా తిమింగలం ఒంటికి పెద్ద లెక్క కాదు. వేసవిలో ధ్రువాల దగ్గర మేసి, చలికాలంలో ఉష్ణమండలానికి వచ్చి పిల్లల్ని కనే జంతువు అది. ఏటా అంతకంటే ఎక్కువ తేడాలనే దాటి వస్తుంది. కానీ అది తినే క్రిల్, కోపిపాడ్ అనే చిట్టి జలచరాలు, చిన్న చేపలు అలా కాదు. నీటి వేడి కాస్త మారినా వాటి సంతతి పెరగడమో, తరగడమో, మరోచోటికి జరగడమో తప్పదు. నీలి తిమింగలం, హంప్‌బ్యాక్, రైట్ వేల్ లాంటి పెద్ద జాతులకు పళ్లుండవు. పై దవడ నుంచి వేలాడే బలీన్ పలకలతో నీటిని జల్లెడ పట్టినట్టు వడగట్టి తింటాయి. వడగట్టి బతకాలంటే ఎర చిక్కగా ఉండాలి. సముద్రంలో ఎర ఉన్నా పలచబడితే, అంత పెద్ద శరీరం నోరు తెరిచి ఈదడానికి ఖర్చయ్యే శక్తి కూడా తిరిగి రాదు. అందుకే మేత పలచబడిన చోటును తిమింగలాలు వదిలేస్తాయి.

మెయిన్ తీరంలో ఖాళీ అయిన మేతచోటు

ఈ కథ అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్ విషయంలో. నెమ్మదిగా ఈదుతుంది, తీరానికి దగ్గరగా తిరుగుతుంది, చంపితే మునగకుండా తేలుతుంది. వేటగాళ్లకు ‘సరైన తిమింగలం’ అనిపించుకోవడం వల్లే ఆ పేరు వచ్చిందంటారు. శతాబ్దాల వేటకు ఆ జాతి దాదాపు అంతరించింది. 1935లో అంతర్జాతీయ రక్షణ దొరికాక మెల్లగా కోలుకుని, 2010 నాటికి సుమారు 480కి చేరింది.

అమెరికా ఈశాన్య రాష్ట్రాలకూ కెనడాకూ మధ్య ఉన్న మెయిన్ సింధుశాఖ, దాని పక్కనే ఉన్న ఫండీ అఖాతం వీటి వేసవి మేతచోట్లు. ఇక్కడ వీటి ప్రధాన ఆహారం కలానస్ ఫిన్మార్కికస్ అనే కోపిపాడ్. సైజు బియ్యపు గింజంత. కానీ చలికాలం గడవడానికి ఒంటి నిండా నూనె దాచుకుంటుంది. ఒక రైట్ వేల్ రోజుకు టన్నుకు పైగా వీటిని తింటుంది. కలానస్‌కు చల్లని నీళ్లు కావాలి. ప్రపంచంలో అత్యంత వేగంగా వేడెక్కుతున్న సముద్ర భాగాల్లో మెయిన్ సింధుశాఖ ఒకటి. 2010 ప్రాంతం నుంచి అక్కడి లోతు నీటిలోకి ఉత్తరాన్నుంచి వచ్చే లాబ్రడార్ శీతల ప్రవాహపు వాటా తగ్గి, గల్ఫ్ స్ట్రీమ్ వైపు నుంచి వచ్చే వెచ్చని, ఉప్పదనం ఎక్కువైన నీటి వాటా పెరిగింది. వేసవి చివర దొరికే కలానస్ బాగా తగ్గిపోయింది.

తిమింగలాలు అలవాటైన చోటికి రావడం తగ్గించాయి. ఏళ్ల తరబడి ఒక్కో జంతువునూ తల మీది గరుకు మచ్చల ఆధారంగా ఫొటోలు తీసి గుర్తుపట్టే పరిశోధకులకు, తమకు బాగా తెలిసిన జంతువులు ఎక్కడికి పోయాయో కొన్నేళ్లపాటు అంతుపట్టలేదు. వాటిలో చాలా భాగం ఉత్తరాన, కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖకు చేరుకున్నాయి. అక్కడ మేత దొరికింది. రక్షణ మాత్రం లేదు.

అసలు నష్టం ఇక్కడే జరిగింది. పాత మేతచోట్లలో జాగ్రత్తలు చాలా ఉన్నాయి. ఫండీ అఖాతంలో 2003లో ఓడల దారినే తిమింగలాల గుంపులకు దూరంగా జరిపారు. అమెరికా తీరంలో 65 అడుగులు, అంతకంటే పొడవైన ఓడలు కొన్ని కాలాల్లో కొన్ని ప్రాంతాల్లో 10 నాట్ల వేగం, అంటే గంటకు సుమారు 18.5 కిలోమీటర్లు మించకూడదని 2008లో నిబంధన పెట్టారు. దశాబ్దాల పరిశీలన మీద నిలిచిన మంచి నిబంధనలవి. కానీ అవి పటం మీద గీసిన గీతలు. తిమింగలాలు ఆ గీతలు దాటిపోయాయి. సెయింట్ లారెన్స్‌లో భారీ ఓడల రాకపోకలు, మంచుపీతల వేట జోరుగా సాగుతున్నాయి. పీతల్ని పట్టే బోను సముద్రపు అడుగున ఉంటుంది. దాని మీద గుర్తుగా తేలే బుడ్డికీ బోనుకీ మధ్య నిలువునా తాడు వేలాడుతుంది. 2017లో ఒక్క ఏడాదిలోనే 17 రైట్ వేల్స్ చనిపోయి కనిపించాయి. వాటిలో 12 కెనడా జలాల్లోనివి. ఓడలు ఢీకొని కొన్ని, తాళ్లు చుట్టుకుని కొన్ని. అంత చిన్న జాతికి అది తట్టుకోలేని దెబ్బ.

కెనడా ఆ వేసవిలోనే వేగ పరిమితి తెచ్చింది, పీతల వేటను నియంత్రించింది. 2018లో కెనడా జలాల్లో ఒక్క మరణమూ నమోదు కాలేదు. 2019లో మళ్లీ తొమ్మిది చనిపోయాయి. ఈలోగా కాన్పులూ తగ్గాయి. బాగా తిన్న ఆడ తిమింగలం మూడేళ్లకొకసారి ఈనగలదు. ఆ వ్యవధి చాలా వాటిలో ఆరు నుంచి పదేళ్లకు సాగింది. 2017-18 కాన్పుల కాలంలో జార్జియా, ఫ్లోరిడా తీరాల్లో ఒక్క పిల్ల కూడా కనిపించలేదు. జాతి మొత్తం సంఖ్య 2020 నాటికి 360 స్థాయికి పడిపోయి, ఆ తర్వాత కొద్దికొద్దిగా పుంజుకుంటోంది.

కాలిఫోర్నియాలో తీరానికి తోసుకొచ్చిన మేత

తిమింగలాలు ధ్రువం వైపే కదులుతాయనుకుంటే పొరపాటు. 2014 నుంచి 2016 వరకు ఈశాన్య పసిఫిక్‌ను ఒక భారీ వెచ్చని నీటి మడుగు కప్పేసింది. కొన్నిచోట్ల నీటి వేడి మామూలు కంటే 2.5 డిగ్రీలకు పైగా పెరిగింది. శాస్త్రవేత్తలు దానికి ‘బ్లాబ్’ అని పేరు పెట్టారు. మామూలుగా కాలిఫోర్నియా తీరంలో గాలులు పైనీటిని సముద్రంలోకి నెట్టేస్తే, అడుగు నుంచి పోషకాలున్న చల్లని నీరు పైకి వస్తుంది. ఆ వెచ్చని కాలంలో చల్లని నీరు తీరం వెంట సన్నటి పట్టీగా కుదించుకుపోయింది. లోపలి సముద్రంలో క్రిల్ తగ్గింది. నెత్తళ్ల జాతి చేపలు ఒడ్డు దగ్గర గుమిగూడాయి. క్రిల్‌నూ చేపల్నీ రెండింటినీ తినగల హంప్‌బ్యాక్‌లు వాటి కోసం ఒడ్డుకు దగ్గరగా వచ్చాయి.

సరిగ్గా అదే సమయంలో వెచ్చని నీటిలో విషపు నాచు విపరీతంగా పెరిగి, డంజనెస్ పీతల్లో డొమోయిక్ ఆమ్లం చేరింది. వాటిని తింటే ప్రాణాపాయం కాబట్టి 2015 చలికాలంలో మొదలవ్వాల్సిన పీతల వేటను వాయిదా వేశారు. మరుసటి వసంతంలో అనుమతి రాగానే పడవలన్నీ ఒకేసారి బోనులు దించాయి. అప్పటికే తిమింగలాలు దక్షిణాది నుంచి తిరిగి వచ్చి అదే పట్టీలో మేస్తున్నాయి. అంతకుముందు అమెరికా పశ్చిమ తీరంలో తాళ్లలో చిక్కుకున్న తిమింగలాల వార్తలు ఏటా పది వరకు వచ్చేవి. 2016లో అవి 71కి చేరాయి. పీతల బోనులవాళ్లు తిమింగలాల శత్రువులేమీ కారు. విషపు నాచుకు సీజన్ పోగొట్టుకుని అప్పులపాలైనవాళ్లు వాళ్లు. వేడెక్కిన నీరు ఒకే చలికాలంలో ఇద్దరినీ దెబ్బతీసింది.

ఆ మడుగు ప్రభావం వేల కిలోమీటర్ల అవతల హవాయిలోనూ కనిపించింది. అలాస్కాలో మేసి, హవాయికి వచ్చి పిల్లల్ని కనే హంప్‌బ్యాక్‌లలో, మావీ దీవి దగ్గర తల్లీపిల్లలు ఎదురుపడే రేటు 2013-2018 మధ్య 76 శాతానికి పైగా పడిపోయిందని 2019లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అవి చోటు మార్చుకున్నాయని కొన్నాళ్లు ఆశపడ్డారు. తోకల ఫొటోలతో ఉత్తర పసిఫిక్ అంతా లెక్కగట్టి చూస్తే, 2012లో సుమారు 33 వేలున్న హంప్‌బ్యాక్‌లు 2021 నాటికి 27 వేల లోపుకు దిగినట్టు తేలింది. కనపడని తిమింగలాలన్నీ వేరేచోటికి వెళ్లినట్టు కాదు. చాలా భాగం ఆకలితోనే చనిపోయి ఉంటాయని ఆ లెక్క కట్టినవారి అంచనా.

చోటు అలాగే ఉండి కాలం మారడం కూడా ఉంది. సెయింట్ లారెన్స్ సింధుశాఖకు ఫిన్ వేల్స్, హంప్‌బ్యాక్‌లు వచ్చే తేదీలను 1984 నుంచి 2010 వరకు నమోదు చేస్తే, అవి ఏడాదికి ఒక రోజు చొప్పున ముందుకు జరిగినట్టు తేలింది. మంచు ముందుగా కరుగుతోంది, సముద్రపు పైపొర ముందుగా వేడెక్కుతోంది. వాటి రాకా దాన్ని బట్టే జరిగింది. కొత్త తేదీలను పట్టించుకోని నిషేధకాలాలు ఆ మేరకు వృథా.

మంచు పైకప్పు లేచిపోయిన ఆర్కిటిక్

బోహెడ్, బెలూగా, నార్వాల్ అనే మూడు జాతులు ఏడాది పొడవునా ఆర్కిటిక్ నీళ్లనే నమ్ముకుని బతుకుతాయి. ఈ మూడింటికీ వీపు మీద రెక్క లేదు. మంచు కింద తిరిగేవాటికి ఆ రెక్క అడ్డం. బోహెడ్ అడుగు మందం మంచును సైతం తలతో పగలగొట్టి గాలి పీల్చుకుంటుంది. రెండు వందల ఏళ్లకు పైగా బతుకుతుంది. 2007లో అలాస్కాలో వేటాడిన ఒక బోహెడ్ ఒంట్లో పంతొమ్మిదో శతాబ్దపు ఈటె ముక్క దొరికింది. మరోవైపు, వీటిని వేటాడే ఓర్కాకు వీపు మీద నిలువెత్తు రెక్క ఉంటుంది, దాంతో అది చిక్కటి మంచులోకి రాదు. అంటే మంచు ఈ మూడు జాతులకూ కోటగోడ. సముద్రపు మంచు తగ్గి, శరత్కాలంలో ఆలస్యంగా గడ్డకడుతుంటే ఆ గోడకు గండి పడుతోంది. హడ్సన్ అఖాతంలో, బాఫిన్ దీవి చుట్టుపక్కల ఓర్కాలు తరచుగా కనిపిస్తున్నాయి. నార్వాల్‌లకూ ఓర్కాలకూ కూడా ఉపగ్రహ ట్యాగులు పెట్టి చూసినప్పుడు, ఓర్కాలు చుట్టుపక్కల ఉన్నంతకాలం నార్వాల్‌లు ఒడ్డుకు అర కిలోమీటరు లోపే నక్కి ఉన్నాయి. ఓర్కాలు లేనప్పుడు నాలుగు నుంచి పది కిలోమీటర్ల దూరం దాకా స్వేచ్ఛగా తిరిగాయి. ఓర్కాలు నార్వాల్‌లను తినకపోయినా, వాటి మేతచోటు నుంచి తరిమేయడమూ నష్టమే.

ఆలస్యంగా వచ్చే మంచు మరో వలనూ పన్నుతుంది. చలి ఇంకా రాలేదని అక్కడే ఉండిపోయిన నార్వాల్‌ల చుట్టూ నీరు ఒక్కసారిగా గడ్డకడితే గాలి పీల్చుకునే కంతలు మూసుకుపోతాయి. 2008 నవంబర్‌లో కెనడాలోని పాండ్ ఇన్‌లెట్ దగ్గర 600కు పైగా నార్వాల్‌లు ఇలా చిక్కుబడ్డాయి.

అలాస్కా ఉత్తరపు అంచున ఉట్కియాగ్విక్ అనే ఊరుంది. అక్కడి ఇనుపియాట్ ప్రజలు బోహెడ్‌ను తమ తిండి కోసం వేటాడతారు, కోటా ప్రకారం. ఊరంతా పంచుకునే ఆ మాంసం వాళ్ల చలికాలపు ఆహారం, పండగ కూడా. 2019 శరత్కాలంలో తిమింగలాలు వేళకు రాలేదు. మామూలుగా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పూర్తయ్యే వేటలో మొదటి తిమింగలం దొరికేసరికి నవంబర్ మధ్య అయింది. ఆ ముందు శీతాకాలంలో, 2018-19లో, కెనడాలోని అముండ్‌సెన్ సింధుశాఖలో నీటి అడుగున పెట్టిన మైకుల్లో బోహెడ్‌ల గొంతులు వినిపించాయి. బేరింగ్ సముద్రానికి వలస పోవాల్సిన కాలంలో కొన్ని జంతువులు వేసవి ఇంట్లోనే ఉండిపోయాయన్నమాట.

బురద తినే తిమింగలం

బూడిద తిమింగలం తిండి తీరే వేరు. పక్కకు వాలి, సముద్రపు అడుగు బురదను నోటితో పీల్చి, అందులోని ఆంఫిపాడ్ అనే చిన్న జీవుల్ని వడగట్టుకుంటుంది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా కయ్యల్లో చలికాలం, బేరింగ్, చుక్చీ సముద్రాల్లో వేసవి. రానూపోనూ 16 వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆ ఆంఫిపాడ్‌ల తిండి పైనుంచి రాలుతుంది. సముద్రపు మంచు అడుగు భాగాన పెరిగే నాచు మంచు కరిగినప్పుడు అడుగుకు దిగి బురదను సారవంతం చేస్తుంది. మంచు తగ్గితే ఆ ఎరువూ తగ్గుతుంది, వేగమైన ప్రవాహాలు బురదనే కొట్టుకుపోతాయి.

2016 ప్రాంతంలో తూర్పు పసిఫిక్‌లో ఇవి సుమారు 27 వేలు. 2018 డిసెంబర్ నుంచి 2023 నవంబర్ వరకు మెక్సికో నుంచి అలాస్కా దాకా తీరాలకు 690 కళేబరాలు కొట్టుకొచ్చాయి. చాలావి ఎముకలు తేలేంతగా చిక్కిపోయి ఉన్నాయి. 2023 నాటి లెక్కలో జాతి దాదాపు సగానికి పడిపోయింది. ఆకలి మీదున్నవి దారిలోనే తిండి వెతుక్కుంటున్నాయి. వేల తెలుగు కుటుంబాలుండే బే ఏరియాలో, గోల్డెన్ గేట్ వంతెన కింద నుంచి సాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలోకి బూడిద తిమింగలాలు రావడం 2018 నుంచి బాగా పెరిగింది. అది ఓడలూ ఫెర్రీలూ కిక్కిరిసిన నీరు. అక్కడ దొరికే కళేబరాల్లో ఓడ దెబ్బ గుర్తులు తరచుగా కనిపిస్తున్నాయి.

దక్షిణ ధ్రువం చుట్టూ కథ ఇంతకన్నా సూటి. నైరుతి అట్లాంటిక్‌లో క్రిల్ గుంపుల కేంద్రం 90 ఏళ్లలో సుమారు 440 కిలోమీటర్లు దక్షిణానికి జరిగింది. దక్షిణాఫ్రికా తీరంలో పిల్లల్ని కనే దక్షిణ రైట్ వేల్స్ మేతచోట్లు 1990ల నాటి చోట్లు కావని వాటి చర్మంలోని రసాయన గుర్తులు చెబుతున్నాయి. మూడేళ్లకు ఈనేవి నాలుగైదేళ్లకు ఈనుతున్నాయి.

ఉత్తరాన నేల అడ్డం: హిందూ మహాసముద్రం

అట్లాంటిక్ తిమింగలానికి చల్లని నీరు కావాలంటే ఉత్తరానికి దారి ఉంది. అరేబియా సముద్రంలో ఆ దారి లేదు. ఇరాన్, పాకిస్తాన్ తీరాలతో సముద్రం ముగుస్తుంది. అక్కడే ఏడాది పొడవునా ఉండిపోయే హంప్‌బ్యాక్‌ల గుంపు ఒకటుంది. ప్రపంచంలో మిగతా హంప్‌బ్యాక్‌లన్నీ వలసపోతుంటే ఇవి పోవు. నైరుతి రుతుపవనాల గాలి ఒమాన్ తీరంలో అడుగు నీటిని పైకి లాగి తెచ్చే మేత వీటికి చాలింది. మిగతా బంధువుల నుంచి విడిపోయి సుమారు 70 వేల ఏళ్లయిందని జన్యు పరీక్షలు చెబుతాయి. 1960ల మధ్యలో సోవియట్ ఓడలు చట్టవిరుద్ధంగా 242 హంప్‌బ్యాక్‌లను ఇక్కడ చంపాయి. ఇప్పుడు ఒమాన్ తీరంలో ఉన్నవి వందలోపే. 2017 చివర లుబాన్ అనే ఆడ తిమింగలానికి ఉపగ్రహ ట్యాగు పెడితే, అది అరేబియా సముద్రాన్ని దాటి గోవా తీరానికి, అక్కణ్నుంచి దక్షిణ భారతపు కొస దాకా వెళ్లి, మళ్లీ ఒమాన్ చేరుకుంది. ‘లుబాన్’ అంటే అరబ్బీలో సాంబ్రాణి.

వీటి బతుకంతా రుతుపవనాల మీద ఉంది. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో, సముద్రంలో మేతకంతా మూలమైన వృక్షప్లవకాలు 20 శాతం దాకా తగ్గి ఉండవచ్చని 2016లో లెక్కగట్టారు. పైనీరు వేడెక్కి తేలికైతే అడుగు పోషకాలు దాన్ని దాటి పైకి రాలేవు. శ్రీలంక చుట్టూ ఏడాదంతా తిరిగే నీలి తిమింగలాలకూ ఇదే ముప్పు. పైగా దొండ్రా కొస దగ్గర ప్రపంచపు అతి రద్దీ ఓడల దారుల్లో ఒకటి వాటి మేతచోటు మీదుగానే పోతుంది. 2022లో ఎం.ఎస్‌.సి. అనే పెద్ద నౌకా సంస్థ తన ఓడల్ని స్వచ్ఛందంగా కొంత దక్షిణానికి జరిపింది.

మన తీరానికీ అప్పుడప్పుడు తిమింగలాలు కొట్టుకొస్తాయి. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం దగ్గర సుమారు 25 అడుగుల కళేబరం ఒడ్డుకు చేరితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరలివెళ్లి చూశారు. అలాంటి ప్రతి ఘటననూ వాతావరణ మార్పు ఖాతాలో రాయకూడదు. ఒక కళేబరం ఒక జంతువు చనిపోయిందని చెబుతుంది. జాతి చోటు మార్చిందని చెప్పాలంటే ఏళ్ల తరబడి లెక్కలు కావాలి.

ఆ మాట మిగతా సముద్రాలకూ వర్తిస్తుంది. 1986లో వ్యాపార వేటకు విరామం అమల్లోకి వచ్చాక చాలా జాతులు పెరిగాయి. సంఖ్య పెరిగినప్పుడు తాతల నాటి చోట్లకు తిరిగి విస్తరించడం సహజం. ఎల్ నినో లాంటి ఊగిసలాటలు కొన్నేళ్లపాటు మేతను అటూ ఇటూ తోస్తాయి. 2013లో కొలంబియా తీరంలో ఫొటో తీసిన ఒక మగ హంప్‌బ్యాక్ 2022లో జాంజిబార్ దగ్గర కనిపించింది. సూటిగా కొలిచినా 13 వేల కిలోమీటర్లు. మేత కోసమా, జత కోసమా, గుంపులు పెరిగి పోటీ ఎక్కువైనందుకా? ఒక్క జంతువును చూసి తేల్చలేరు. మెయిన్ సింధుశాఖ విషయంలో నమ్మకంగా మాట్లాడగలిగేది నీటి వేడి, కలానస్, తిమింగలాలు, కాన్పులు అనే నాలుగింటినీ దశాబ్దాలపాటు కొలిచి ఉండటం వల్లే.

ఈ అనుభవంతోనే నియమాలకు కదలిక వచ్చింది. సెయింట్ లారెన్స్‌లో ఇప్పుడు విమానాలు, నీటిలోని మైకులు రైట్ వేల్ ఉనికి పట్టుకున్న చోట పీతల వేట 15 రోజులు మూసేస్తారు. మళ్లీ కనిపిస్తే పొడిగిస్తారు. కాలిఫోర్నియాలో తిమింగలాలు వెళ్లిపోయేదాకా బోనులు దించనివ్వడం లేదు. దీని భారం మత్స్యకారులే మోస్తున్నారు. నిలువు తాడు లేకుండా, పడవ నుంచి సంకేతం పంపితే బుడ్డి పైకి తేలే బోనుల్ని కొందరు ప్రయత్నిస్తున్నారు. ఖరీదు ఎక్కువ. వాటికి సర్కారు చేయూత ఇవ్వడం న్యాయం. కదిలిన మేతకు వాళ్లు బాధ్యులు కారు.

2024 మార్చి 1న న్యూ ఇంగ్లండ్ అక్వేరియం సర్వే విమానం నాంటకెట్ దీవికి దక్షిణాన ఎగురుతుండగా, వెన్ను రెక్క లేని, బూడిదరంగు మచ్చల తిమింగలం ఒకటి కనిపించింది. అది బూడిద తిమింగలం. అట్లాంటిక్‌లో ఆ జాతి పద్దెనిమిదో శతాబ్దంలోనే అంతరించింది. వేసవిలో మంచు కరిగి తెరుచుకుంటున్న కెనడా ఉత్తర జలమార్గం గుండా పసిఫిక్ నుంచి వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. 2010లో ఇజ్రాయెల్ దగ్గర, 2013లో నమీబియా దగ్గర, 2023 డిసెంబర్‌లో ఫ్లోరిడా దగ్గర కూడా ఈ జాతి తిమింగలాలు ఒక్కొక్కటిగా కనిపించాయి. విమానం ముప్పావుగంట పాటు దాని పైనే తిరుగుతూ ఫొటోలు తీసింది. కింద ఆ జంతువు మునుగుతూ, తేలుతూ, ఆ కొత్త నీళ్లలో మేస్తున్నట్టే కనిపించింది.